ఉత్తుత్తి బేరాల వీధి

తూనికలాయన తన గేటుకు "ఈ ఇల్లు అమ్మబడును" అన్న బోర్డు కట్టేనాటికే ఆ వీధిలో మరో రెండు ఇళ్ళు అమ్మకానికి ఉన్నాయి. ఎదురుగా బ్యాంకాయనది, మలుపులో టీచరమ్మది. వాటి బోర్డులు ఎండకు వెలిసి, వానకు ఉబ్బి, అక్షరాలు కూడా ఓపిక పట్టలేక ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. తూనికలాయన వాటివైపు జాలిగా చూశాడు. పాపం, వాళ్ళకు ధర కట్టడం రాదు, అందుకే అమ్ముడుపోలేదు అని తేల్చేశాడు. తేల్చెయ్యడం ఆయనకు కొత్త కాదు. ఉద్యోగమంతా తూనికలు, కొలతల శాఖలో వెలగబెట్టి ఈమధ్యనే రిటైరయ్యాడు. ఏ వస్తువు విలువైనా చూపుతోనే చెప్పగలనని ఆయన గట్టి నమ్మకం. పక్కింటివాళ్ళు పసివాణ్ణి చేతికిస్తే ముద్దు పెట్టుకునే ముందు బరువు చెప్పే రకం.

కాలనీకి మాత్రం రోజులు బాగాలేవు. ఊరికి దూరంగా, పెద్ద రోడ్డు పక్కన వేసిన కాలనీ అది. ఒకప్పుడు అక్కడ గోడలకు సున్నం ఆరకముందే ఇళ్ళు అమ్ముడుపోయేవి. తర్వాత రోడ్డవతలి కంపెనీ మూటాముల్లే సర్దుకుని వేరేచోటికి పోయింది. వడ్డీలు పెరిగాయి. కొనేవాళ్ళు తగ్గారు, కట్టేవాళ్ళు తగ్గలేదు. ఇప్పుడు ఆ వీధుల్లో బోర్డుల నీడన కుక్కలు నిశ్చింతగా నిద్రపోతున్నాయి, లేపేవాళ్ళు లేరు.

ఇల్లు అమ్ముదామన్నది ఆయన భార్య. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. పైవాళ్ళు ఒకే ఆర్డరుతో ఆవిడను రాత్రంతా రైల్లో వెళ్ళేంత దూరపు ఊరికి మార్చి, ఆ ఊరి హెడ్ నర్సును ఇక్కడికి మార్చారు. ఇంకా చాలా సర్వీసు ఉంది, వెళ్ళక తప్పదు. ఆసుపత్రి వెనక ఒక్క గది అద్దెకు తీసుకుంది. ఇల్లు అమ్మగానే ఈయన కూడా వచ్చేస్తే, అక్కడే చిన్న ఇల్లు కొనుక్కోవాలని అనుకున్నారు. రైలెక్కే ముందు ఆవిడ ఒకే మాట చెప్పింది.

"ఎనభై లక్షలు వచ్చినా ఇచ్చేసి వచ్చేయండి. ఒక్కదాన్నే కూర్చుని తింటే నాకు ముద్ద దిగదు."

తూనికలాయన వానలు పడేలోపు వచ్చేస్తానని మాటిచ్చాడు. ఎనభై అన్న మాట దగ్గర మాత్రం లోలోపల నవ్వుకున్నాడు. సూది మందు ధర తెలిసినంత మాత్రాన ఇంటి ధర తెలుస్తుందా అనుకున్నాడు.

బ్రోకరు వచ్చి ఇల్లంతా తిరిగి చూసి ఎనభై రెండు దాకా పలకవచ్చన్నాడు. ఇల్లు కూరగాయల్లాంటిదని, బుట్ట దించిన కొత్తలో వచ్చినవాళ్ళే కొనేవాళ్ళని, నిలవుంటే పుచ్చిందేమో అనుకుంటారని నచ్చజెప్పబోయాడు. తూనికలాయన తొంభై అన్నాడు, అందులో ఒక్క గ్రాము తగ్గదన్నాడు. బ్రోకరు వాదించలేదు. సంతోషంగానే తల ఊపాడు. అతని సంతోషం ఎందుకో తూనికలాయనకు చాలా రోజులకు గాని తెలియలేదు. అతను కొనేవాళ్ళను ముందు ఈ ఇంటికి తీసుకొచ్చి తొంభై అని చెప్పించేవాడు. వాళ్ళు గుండెలు పట్టుకోగానే పక్క వీధికి తీసుకెళ్ళి, ఇలాంటిదే ఇల్లు ఎనభై మూడుకు చూపించేవాడు. అలా ఈయన ధర పుణ్యమా అని పక్క వీధిలో రెండు ఇళ్ళు అమ్ముడుపోయాయి. వచ్చినవాళ్ళకు తూనికలాయన మంచినీళ్ళు కూడా ఇచ్చి పంపాడు.

ఆ తర్వాత బ్రోకరు రావడం తగ్గింది. తూనికలాయనకు అనుమానం పట్టుకుంది. బ్యాంకాయన, టీచరమ్మ బయటికి ఒక ధర చెప్పి లోపల తక్కువకు ఒప్పుకుంటున్నారేమో, అందుకే తన గుమ్మం ఎవరూ తొక్కడం లేదేమో అని. వాళ్ళ ఆఖరి ధర ఎంతో తెలుసుకోవాలి. దానికి ఆయన దగ్గర ఒక పాత విద్య ఉంది.

తూనికల శాఖలో దాన్ని ఉత్తుత్తి బేరం అనేవారు. ఇన్స్పెక్టరు తానే కొట్టుకు వెళితే కొట్టువాడు తూకం సరిగ్గానే వేస్తాడు. అందుకని ముందు ఎవరినో ఒకరిని మామూలు మనిషిలా పంపి సరుకు కొనిపిస్తారు. అతను పొట్లంతో బయటికి రాగానే ఇన్స్పెక్టరు ఇత్తడి తూకపు రాళ్ళ పెట్టెతో లోపలికి అడుగు పెడతాడు. తూనికలాయన ఇలా పట్టుకున్న కొట్లకు లెక్కే లేదు. సాయంత్రం పూట పార్కు బెంచీ మీద ఆ కథలు చెప్పడం ఆయనకు అన్నం తిన్నంత ఇష్టం. ఉత్తుత్తి మనిషిని పసిగట్టడం ఎలాగో కూడా చెప్పేవాడు. నిజంగా కొనేవాడు సరుకు వంక చూస్తాడు, పంపగా వచ్చినవాడు కొట్టువాడి చేతి వంక చూస్తాడు, అంతే తేడా అనేవాడు. ఈ కథలన్నీ బ్యాంకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మరీ విన్నాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికాడని తూనికలాయన మురిసిపోయాడే తప్ప, ఎందుకు వింటున్నాడో ఆలోచించలేదు.

ఉత్తుత్తి బేరానికి ఆయన ఎంచుకున్నది సొంత బావమరిదిని. భార్య తమ్ముడు. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతుంటాడు, పక్క ఊళ్ళో కాపురం, ఈ వీధిలో ఎవరూ ఎరగరు. చిన్నప్పుడు స్కూల్లో వేషాలు వేసిన సరదా ఇంకా తీరలేదు. విషయం చెప్పగానే ఎవరిదో కోటు, ఎవరిదో నల్ల కళ్ళద్దాలు తెచ్చుకుని తయారయ్యాడు. ఆఖరి ధర ఎంతో కనుక్కుని రమ్మంటే, బ్యాంకాయన సోఫాలో కాలు మీద కాలు వేసుకుని తనకు మూడు కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయని, ధర తనకు సమస్యే కాదని, గాలీ వెలుతురూ ఉంటే చాలని చెప్పి వచ్చాడు. బ్యాంకాయన ఆఖరి ధర తొంభై అని కబురు తెచ్చాడు. తూనికలాయన ధైర్యం తెచ్చుకుని తన తొంభై మీదే నిలబడ్డాడు.

ఆ తర్వాత విచిత్రం మొదలైంది. కొన్నాళ్ళుగా పిట్ట కూడా వాలని తూనికలాయన ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు. ముందుగా సోడాబుడ్డి కళ్ళజోడు కుర్రవాడొకడు వచ్చి, ఇల్లు అద్భుతమని, ఎనభై ఎనిమిదికి ఇప్పుడే ఒప్పుకునేవాణ్ణని, కాకపోతే అన్నయ్యతో ఒక మాట చెప్పాలని అన్నాడు. తర్వాత ఓ లావుపాటావిడ వచ్చి తొంభైకి కళ్ళు కూడా ఆర్పలేదు. ఆ వెనకే గొడుగు వేసుకుని ఒకాయన వచ్చి అసలు బేరమే ఆడలేదు. అందరూ ఆయన ధర చెబుతున్నప్పుడు నోటివంకే చూసేవారు. తన మాటకు ఎంత విలువ ఇస్తున్నారో అనుకుని ఆయన ఛాతీ విరుచుకునేవాడు. మళ్ళీ ఒక్కరూ రాలేదు. ఇంతమంది వస్తున్నారంటే ధర తక్కువ చెప్పానన్నమాట అని ఆయనకు తోచింది. తొంభై కాస్తా తొంభై అయిదైంది.

ఎదురింట్లోనూ అదే వరస. కోల్డ్ స్టోరేజీల ఆసామి మళ్ళీ కోటు వేసుకుని వచ్చేసరికి బ్యాంకాయన తొంభై ఎనిమిది అన్నాడు. అది విని తూనికలాయన వంద అనాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాడు. కాలనీ అంతటా ధరలు మెట్లు దిగుతుంటే ఆ ఒక్క వీధిలో మాత్రం నిచ్చెన ఎక్కుతున్నాయి. బ్రోకరు ఓసారి స్కూటరు ఆపి మూడు బోర్డుల వంకా ఆశ్చర్యంగా చూసి, మెల్లిగా తల గోక్కుని వెళ్ళిపోయాడు.

రోజూ సాయంత్రం భార్యతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆయన ఈ వైభవమంతా వర్ణించేవాడు. గుమ్మం ముందు బారులు తీరుతున్నారని, చెప్పులు వదిలే చోటు లేదని. నిజానికి ఆయన సాయంత్రాలు అలా లేవు. తానే వండుకున్న అన్నం ఒకనాడు పలుకుగా, ఒకనాడు జావగా ఉండేది. టీవీ చూస్తూ పక్క కుర్చీతో ఏదో అనబోయి ఆగిపోయేవాడు. నిజం చెప్పాలంటే ఆవిడ లేక ఆయన ప్రాణం విలవిల్లాడుతోంది. కాని ఆ మాట ఫోనులో చెబితే ధర తగ్గించమంటుందని భయం. అందుకని బారుల గురించే చెప్పేవాడు.

వానలకు ముందు ఒక మధ్యాహ్నం ఓ నలభయ్యేళ్ళావిడ వచ్చింది. నీలం చీర, చేతిలో టిఫిను డబ్బా, అలసిన ముఖం. మీ ఆవిడ స్థానంలోకి బదిలీ అయి వచ్చిన నర్సును నేనే అంది. ఇల్లు అమ్ముతున్నారని మీ ఆవిడే చెప్పారంది. తూనికలాయన మీసం కింద నవ్వుకున్నాడు. ఈ వీధిలో ఆ బదిలీ సంగతి తెలియనివాళ్ళెవరు? బ్యాంకాయన బాగానే తర్ఫీదిచ్చి పంపాడు, ఏకంగా నా పెళ్ళాం పేరే వాడేశాడు అనుకున్నాడు. ఇన్నాళ్ళకు ఒక ఉత్తుత్తి మనిషిని పట్టుకున్నందుకు ఒళ్ళు పులకరించింది.

ఆవిడ ధర అడగలేదు. ఆయన ముఖం వంక కూడా చూడలేదు. వంటింట్లో కొళాయి తిప్పి నీళ్ళధార ఎలా ఉందో చూసింది. వెనక గది గోడకు అరచెయ్యి ఆనించి చెమ్మ ఉందేమో చూసింది. కిటికీ పక్కన జానలతో కొలుచుకుని, అమ్మ మంచం పడుతుంది అని తనలో తాను అనుకుంది. పెరట్లోకి వెళ్ళి ఆకాశం వంక చూసి అడిగింది.

"బట్టలు ఆరేసుకునే చోటు ఇదేనాండీ? మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుందా?"

ఉంటుందన్నాడు తూనికలాయన. ఎంత సహజంగా చేస్తోందో అనుకున్నాడు. ఆవిడ కాసేపు అక్కడే నిలబడి, తనకు లోను ఎనభై రెండు దాకా వస్తుందని, అంతకు ఇస్తే వెంటనే అడ్వాన్సు ఇస్తానని చెప్పింది. అప్పుడాయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒకప్పుడు కొట్ల ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"నిజం చెప్పమ్మా. ఎవరు పంపారు నిన్ను?"

"చెప్పాను కదండీ. మీ ఆవిడే."

ఆయన పడీపడీ నవ్వాడు. ఆ ఎనభై రెండేదో నిన్ను పంపినవాళ్ళకే ఇవ్వమను అన్నాడు. ఇక్కడి ధర తొంభై అయిదని, రేపటికి అది కూడా ఉండదని చెప్పాడు. వేషం బాగానే కట్టావు గాని, ఇల్లు కొనడానికి వచ్చేవాళ్ళు టిఫిను డబ్బాతో రారు, ఈసారి హ్యాండ్‌బ్యాగు తెచ్చుకో అని సలహా కూడా ఇచ్చాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని, ఆసుపత్రిలో జ్వరం తలకెక్కినవాళ్ళను చూసినట్టు చూసింది. గేటు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భార్యకు ఈ కథ ఉత్సాహంగా చెప్పాడు. "నీ పేరు చెప్పుకుని దిగింది చూడు. చక్కగా బుద్ధి చెప్పి పంపించేశాను."

 "ఏ రంగు చీర కట్టుకుంది?" అని అడిగిందావిడ.

"నీలం. ఏం?"

"అలాగా," అంది. ఫోను పెట్టేసింది.

ఆవిడ అలాగా అంటే ఏమిటో తెలిసే వయసు తూనికలాయనకు ఎప్పుడో వచ్చింది, బుద్ధి మాత్రం ఇంకా దారిలోనే ఉంది. మర్నాడు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ మర్నాడూ అంతే. బావమరిది ద్వారా కబురు పంపితే, డ్యూటీలో ఉన్నాను, బారులు తగ్గాక మాట్లాడమను అని జవాబు వచ్చింది. డ్యూటీలు ఎక్కువై ఉంటాయని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. వానలు వచ్చాయి, వెళ్ళాయి. వస్తానని ఇచ్చిన మాట ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయింది. ఇప్పుడు పక్క కుర్చీతో పాటు ఫోను కూడా మాట్లాడడం లేదు. ఆయన చిక్కిపోయాడు. ఎంత చిక్కాడో తూచుకోబుద్ధి కూడా వెయ్యలేదు.

అసలు గుట్టు టీచరమ్మ సోఫాలో బయటపడింది. ఆవిడ ఆఖరి ధర కూడా కనుక్కుందామని తూనికలాయన బావమరిదిని అక్కడికీ పంపాడు. కోటు ఆసామి లోపలికి వెళ్ళేసరికి సోఫాలో ఇంకో కొనుగోలుదారు ముందే కూర్చుని ఉన్నాడు, సోడాబుడ్డి కళ్ళజోడు కుర్రవాడు. ఇద్దరు ఒకేసారి వచ్చారని టీచరమ్మ ఉబ్బితబ్బిబ్బై టీ పెట్టడానికి వెళ్ళింది. పోటీ చూసి ఇద్దరికీ పౌరుషం వచ్చింది. ఒకడు తొంభై అన్నాడు. రెండోవాడు తొంభై మూడన్నాడు. టీ వచ్చేసరికి, ఇద్దరిలో ఎవరూ కొనని ఆ ఇల్లు వందకు చేరుకుంది. టీచరమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళి బిస్కెట్లు కూడా తెచ్చింది. రేపు కబురు చేస్తామని చెప్పి ఇద్దరూ ఒకేసారి లేచారు.

బయటికొచ్చాక ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. బావమరిది కోల్డ్ స్టోరేజీల సంగతి ఎత్తబోతుండగా కోటు జేబులోంచి ఇన్సూరెన్సు కాగితాలు జారిపడ్డాయి. కుర్రవాడు వాటిని తీసి చూసి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఎందుకంటే తానూ ఉత్తుత్తి మనిషే, బ్యాంకాయన మేనల్లుడు. సందు చివర టీ కొట్టు దగ్గర ఇద్దరూ అన్నీ చెప్పేసుకున్నారు. ఆ వీధికి ఎవరెవరు వచ్చారో గుర్తు చేసుకున్నారు. లావుపాటావిడ టీచరమ్మ ఆడపడుచు. గొడుగాయన బ్యాంకాయన తోడల్లుడు.

బావమరిది ఆ కబురు తెచ్చినప్పుడు తూనికలాయన మాడిన గిన్నె తోముకుంటున్నాడు.

"ఈ వీధిలో కొనేవాళ్ళందరం మనమే బావా," అన్నాడు బావమరిది. "ఎవరి మనుషులు ఎవరో అన్నీ సరిపోయాయి. ఒక్కావిడే మిగిలింది. ఆవిణ్ణి ఎవరూ పంపలేదు."

"ఎవరావిడ?"

"ఎవరో నీలం చీర. బ్యాంకాయన ఇంటికీ వెళ్ళిందట. నువ్వు పంపావనుకుని వాళ్ళూ తరిమేశారు. బట్టలు ఆరేసుకునే చోటు అడిగిందట."

తూనికలాయన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. వచ్చినవాళ్ళందరూ ఒక్కొక్కరే కళ్ళ ముందు నిలబడ్డారు. అందరూ తన నోటివంకే చూశారు. కొళాయి తిప్పింది ఒక్కావిడ. గోడ తడిమి చూసింది ఒక్కావిడ. కొనేవాడు సరుకు వంక చూస్తాడని ఉద్యోగమంతా ఊరందరికీ చెప్పిన మనిషి, తీరా తన ఇంటికి ఆ మనిషి వస్తే నవ్వి పంపేశాడు. ఇక భార్య చీర రంగు ఎందుకు అడిగిందో, అలాగా అని ఎందుకు అందో, ఇన్నాళ్ళూ ఫోను ఎందుకు ఎత్తలేదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ పంపిన మనిషిని గెంటేసి, ఆ సంగతి ఆవిడకే గొప్పగా చెప్పుకున్నాడు. ఆయన పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. ఇల్లు పోతే పోయింది, మనిషి కూడా దూరమైపోతుందేమో అని మొదటిసారి భయం వేసింది.

మర్నాడు తెల్లవారుతూనే ఆసుపత్రికి వెళ్ళాడు. భార్య అన్నేళ్ళు పనిచేసిన వార్డు అది. బయట బెంచీ మీద రోగుల మధ్య కూర్చున్నాడు. పక్కనాయన ఏం జబ్బని అడిగితే దగ్గాడు. చాలాసేపటికి నర్సమ్మ బయటికి వచ్చింది. భుజాన కొత్త హ్యాండ్‌బ్యాగు ఉంది.

"మీరు చెప్పినట్టే కొనుక్కున్నానండీ," అంది.

తూనికలాయన లేచి నిలబడి క్షమించమన్నాడు. అది నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని ఆయనకే తెలియదు. మీ మాట నమ్మకుండా తప్పు చేశానన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. తాను వచ్చిన రోజు నుంచీ మేడమ్‌తో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నానని, ఆనాడు నీలం చీరలో బయల్దేరుతున్నానని కూడా ఫోనులో చెప్పానని అంది.

"మేడమ్ ఆగమన్నారు. ‘చెబితే వినే మనిషి కాదు, దెబ్బ తగిలాకే తెలుసుకోనీ, ఆయనే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాడు’ అన్నారు. ఆగినందుకు నాకే కలిసొచ్చింది లెండి. ఇప్పుడు పక్క వీధిలో డెబ్భై ఆరుకే ఇస్తామంటున్నారు. కాని మీ పెరట్లో ఎండ బాగుంటుంది, మా అమ్మకు అది కావాలి. డెబ్భై ఎనిమిది ఇస్తాను."

పాత అలవాటు కొద్దీ తూనికలాయన నోరు తెరుచుకుంది. ఎనభై అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నర్సమ్మ వెనక, మందుల బీరువా తలుపు మీద అంటించిన చీటీ కనిపించింది. "తీసినవాళ్ళే మూయండి" అని భార్య గుండ్రటి అక్షరాలు. ఈయన ఇంట్లో ఏ తలుపూ మూసేవాడు కాదు. ఆవిడ రోజూ అదే మాట అంటూ వెనకాల వచ్చి మూసేది. ఆవిడ వెళ్ళాక ఇంట్లో అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. ఎనభై అన్న మాట గొంతులోకి దిగిపోయింది.

"సరే," అన్నాడు.

ఇల్లు డెబ్భై ఎనిమిదికి ఇచ్చేశాడని తెలిసి బ్యాంకాయన మండిపడ్డాడు. వీధి పరువు గంగలో కలిపాడన్నాడు. టీచరమ్మ అటునుంచి వెళుతూ ముఖం తిప్పుకుంది. తూనికలాయన సామాను కట్టుకోవడంలో పడ్డాడు. సామాను లారీకి ఎక్కిస్తుండగా చూస్తే, ఎదురింటి బోర్డు మీద పాత ధర చెరిపేసి ఉంది, టీచరమ్మ గేటు ముందు బ్రోకరు స్కూటరు ఆగి ఉంది. ఈసారి వచ్చినవాళ్ళు కొళాయిలు తిప్పి చూస్తున్నారని బావమరిది చెప్పాడు.

రైల్లో రాత్రంతా తూనికలాయన ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. వడ్డీలు పెరిగాయని చెప్పాలి. బ్రోకరు మోసం చెప్పాలి. బ్యాంకాయన పన్నాగం చెప్పాలి. ఆసుపత్రి వెనక సందులో, సూట్‌కేసు ఒక చేతిలో, ఇత్తడి రాళ్ళ పెట్టె ఒక చేతిలో పట్టుకుని ఆ గది ముందు నిలబడేసరికి అన్నీ మరిచిపోయాడు. తలుపు తట్టాడు.

ఆవిడ తలుపు తీసింది. జుట్టులో తెలుపు కాస్త పెరిగింది. లోపలికి రమ్మనలేదు. గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి, ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

తూనికలాయన పెట్టె కింద పెట్టాడు. "ఎవరూ పంపలేదు," అన్నాడు. "నేనే వచ్చాను. నువ్వు లేకుండా ఉండలేకపోయాను."

"ఎలా నమ్మడం?"

 ఆయన ఆవిడ ముఖం మీదనుంచి చూపు తప్పించి గదిలోకి చూశాడు. చిన్న గది. గోడవారగా మంచం, స్టవ్వు పక్కన బోర్లించిన రెండు కంచాలు. ఇన్నాళ్ళూ ఒక్కతే తిన్న మనిషి రెండో కంచం ఎందుకు కొన్నదో ఆయనకు అర్థమైంది. ఎదురుగోడకు చెమ్మ దిగిన మరక ఉంది. అవతల చిన్న తలుపు, దాని వెనక ఏదో వెలుతురు.

"బట్టలు ఎక్కడ ఆరేస్తావు?" అని అడిగాడు. "ఎండ వస్తుందా?"

ఆవిడ పెదవులు బిగించుకుంది గాని నవ్వు ఆగలేదు, దాంతోపాటే కళ్ళూ నిండాయి. అడ్డం పెట్టిన చెయ్యి తీసేసింది.

"వెనకాల తీగ కట్టాను. మధ్యాహ్నం దాకా ఎండే," అంది. "లోపలికొచ్చి ఆ తలుపు మూయండి."

తూనికలాయన లోపలికి వెళ్ళి, తిరిగి వచ్చి, తలుపు మూశాడు.